నిక్షేపము – ఋణము

శ్రీరామచంద్రుని దర్శనార్థము భద్రాచలమునకు కాలినడకన పోవు యాత్రికులు దారిలో మజిలీలు చేసి, చెట్ల క్రింద మూడు రాళ్లు పేర్చి వంట చేసికొనుట పూర్వకాలపు అలవాటు. 1870 ప్రాంతమున అట్టి భక్తబృందమొకటి ఇల్లెందు సమీపమున విడిసి, అచ్చట దొరకిన నల్లని రాళ్లతో పొయ్యి పెట్టుకొనగా, కట్టెలతో పాటు ఆ రాళ్లును అంటుకొని మండినవట. యాత్రికులు విస్తుపోయిరి. వార్త నోటినుండి నోటికి ప్రాకి అధికారుల చెవిని బడినది. 1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగు ఆ ప్రాంతమును పరీక్షించి అచ్చట నేలబొగ్గు ఉన్నదని నిర్ధారించెను. 1889లో గనులు త్రవ్వుట ఆరంభమైనది. సింగరేణి బొగ్గుగనుల పుట్టుకను గూర్చి ఆ సీమలో చెప్పుకొను వృత్తాంతమిది.

ఈ వృత్తాంతము జ్ఞప్తికి వచ్చినపుడెల్ల నాకొక సందేహము కలుగుచుండును. ఆ యాత్రికులు చేసినది దోషమా? ఎంతమాత్రము కాదు. ఆకలిగొన్నవారు రామనామము చెప్పుకొనుచు ఒక పూట అన్నము వండుకొనిరి. ఆ పొయ్యి మరునాటి తెల్లవారునప్పటికి చల్లారియే యుండును. కాని ఆ నల్లరాయి నిప్పు మాత్రము నేటికిని ఆరలేదు. 2023–24 సంవత్సరమున సింగరేణి గనులనుండి వెలికి తీసిన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. ఒక పూట అన్నమునకై రాజుకొన్న నిప్పు ఎంతవరకు ధర్మము, ఎచ్చటినుండి అధర్మము? ఈ ప్రశ్ననే పాఠక మహాశయుల యెదుట నుంచి, మన పెద్దలు చూపిన త్రోవలో విచారింపదలచితిని.

మొదట వస్తుస్వరూపమును తెలిసికొందము. పెద్దలు రాక్షసిబొగ్గు అని పిలిచిన ఈ నేలబొగ్గు రాయి కాదు; ఒకప్పటి అరణ్యము. 25 కోట్ల సంవత్సరములకు పూర్వమే గోదావరీ లోయలోని చిత్తడి నేలలలో దట్టముగా పెరిగిన వృక్షజాతులు సూర్యరశ్మిని గ్రహించి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోనికి తీసికొని, ఆ రెంటితో తమ దేహములను నిర్మించుకొన్నవి. అవి కూలి, బురదలో పడి, పూర్తిగా క్రుళ్లక, పొరలు పొరలుగా మట్టిక్రింద అణగి, ఒత్తిడికిని వేడిమికిని లోనై బొగ్గుగా మారినవి. పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు మొదలైనవియు ఇట్టివే. అవి ప్రధానముగా పూర్వపు సముద్రములలోని సూక్ష్మజీవుల అవశేషములు. కావుననే వీనినన్నిటిని కలిపి శిలాజ ఇంధనములని వ్యవహరింతురు. పొయ్యిలో బొగ్గు మండునపుడు వెలుగుచున్నది కోట్ల ఏండ్ల క్రిందటి సూర్యుని ఎండయే.

ఎండతో పాటు ఆ వృక్షములు దాచుకొన్న బొగ్గుపులుసు వాయువును తిరిగి బయటికి వచ్చుచున్నది. బొగ్గులోని కర్బనము ప్రాణవాయువుతో కలియుటచేత ఒక కిలో కర్బనము మండిన మూడున్నర కిలోలకు మించిన వాయువగును. బొగ్గు కేంద్రములో ఒక యూనిట్టు విద్యుత్తు పుట్టించుటకు సుమారు ఒక కిలో, ఒక లీటరు పెట్రోలు కాల్చుటకు రెండు కిలోలకు పైగా ఆ వాయువు వెలువడును. యంత్రయుగమునకు ముందు గాలిలో పదిలక్షల భాగములకు 280 భాగములుండిన ఈ వాయువు ఇపుడు 420 భాగములు దాటినది. ఈ వాయువు సూర్యకాంతిని లోనికి రానిచ్చును గాని భూమినుండి వెడలు వేడిమిని కొంత పట్టియుంచును. శీతకాలమున కప్పుకొన్న కంబళివంటిది. కంబళి మందమైనకొలది ఉక్క పెరుగును. ఈ సంగతిని 1896లోనే స్వీడను దేశీయుడైన ఆరీనియస్ పండితుడు లెక్కకట్టి చూపెను. 2024వ సంవత్సరమున భూమి సగటు వేడిమి యంత్రయుగమునకు ముందటి కాలముకంటె సుమారు ఒకటిన్నర డిగ్రీలు హెచ్చినది. మనము వెలువరించిన వాయువులో కొంత భాగము వేల ఏండ్లు గాలిలోనే నిలిచియుండునని శాస్త్రజ్ఞుల నిర్ణయము.

ఒకటిన్నర డిగ్రీలు స్వల్పమే కదా యని తోచవచ్చును. వేడిమి ఒక డిగ్రీ పెరిగిన గాలి నూటికి ఏడు పాళ్లు అధికముగా నీటియావిరిని భరింపగలదు. భరించినదానిని ఎప్పుడో ఎచ్చటనో ఒక్కపెట్టున కురియును. 2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 71.3 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురు. 1986లో 75.6 అడుగుల వరద వచ్చిన పిదప అంతటి నీరు ఆ క్షేత్రము చూడలేదు. ఏదో ఒక్క వరదను చూపి ఇది బొగ్గు వలననే వచ్చినదని చెప్పుట న్యాయము కాదు. గోదావరికి వరదలు పురాతనకాలమునుండియు కలవు. కాని కంబళి మందమైనకొలది ఇట్టి కుండపోతలును, వానలు లేని ఎండవేడిమి దినములును అధికమగునని చెప్పుట న్యాయమే. తీరమున గుడిసె వేసికొన్న పల్లెకారులు, వాన నమ్ముకొన్న రైతులు ముందుగా దీని దెబ్బ తినువారు.

ఇక ధర్మవిచారము. మనుధర్మశాస్త్రమున రాజు తీర్పవలసిన వ్యవహారపదములు పదునెనిమిదిగా చెప్పబడినవి. వానిలో మొదటిది ఋణాదానము, అనగా అప్పుల విషయము. రెండవది నిక్షేపము, అనగా ఒకరు నమ్మి దాచుకొన్న సొమ్ము. మూడవది అస్వామివిక్రయము, అనగా తనది కాని వస్తువును అమ్ముట. నేలబొగ్గు విషయమై ఆలోచించినకొలది, ఈ మూడు పదములును వరుసగా ఒకే వ్యవహారమును గూర్చి చెప్పబడినవా యనిపించును.

ఇచట పూర్వపక్షి ఇట్లనవచ్చును. “అయ్యా, ఇది నిక్షేపము కాదు, నిధి. దాచినవాడెవడో తెలియని సొమ్ము భూమిలో దొరకినచో దొరకినవానికిని రాజునకును భాగము కలదని శాస్త్రమే చెప్పుచున్నది. యాత్రికులకు దొరకినది, ప్రభుత్వము త్రవ్వుకొన్నది. ఇందు దోషమేమి?” ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. నిధికిని నిక్షేపమునకును గల భేదమును చూచినచో సమాధానము దొరకును. స్వామి తెలియనిది నిధి. స్వామి తెలిసినది నిక్షేపము. శ్రీవైష్ణవులకు భూమికి స్వామి ఎవరో తెలియదనుట ఎట్లు పొసగును? భూదేవి శ్రీమన్నారాయణుని దేవేరి. ఆమె ఒడిలో దాగినది ఎవరిదో తెలియదని ప్రభాతమున తిరుప్పావై సేవించినవాడు మధ్యాహ్నము అనజాలడు.

మరియొక విశేషము. నిధి ఊరకే పడియున్న సొమ్ము. దానిని తీసినను తీయకున్నను లోకమునకు కలుగు మార్పు లేదు. నేలబొగ్గు ఊరక పడియున్నది కాదు. అది నేలలో నుండుటయే ఒక పని. ఆ కర్బనము భూగర్భమున నుండుటచేతనే గాలి ఇంత చల్లగా, ఋతువులు ఇంత క్రమముగా నుండి, మనుష్యజాతి పంటలు పండించుకొని గుళ్లు కట్టుకొనగలిగినది. ఇంటి పునాదిలోని రాయి ఎవరికిని పనికిరాక పడియున్నదని పెరికి పెరటి గోడ కట్టుకొనువానికి ఏమి చెప్పుదుము?

భగవద్రామానుజుల సిద్ధాంతమున చేతనాచేతనాత్మకమైన ఈ జగత్తంతయు పరమాత్మకు శరీరము. శరీరమనగా ఆత్మచేత ధరింపబడునది, ఆత్మచేత నియమింపబడునది, ఆత్మకొరకే యున్నది. ఆయన శేషి, మనము శేషభూతులము. ఈ మాట తిరుమాళిగలో కాలక్షేపమప్పుడు విని తల యూచుట సులభము. కాని గాలియు, నీరును, గోదావరి క్రింది బొగ్గుపొరయు ఆ శరీరములోనివే యనుట దాని తాత్పర్యము. అయినచో మనము దేనిని ముట్టరాదా? అట్లు కాదు. స్వామికి నివేదించి, ఆయన యిచ్చినంత గ్రహించినది ప్రసాదము. నివేదింపకమునుపే గర్భాలయపు తలుపు తీసి తెచ్చుకొన్నది చౌర్యము. వస్తువు ఒక్కటియే, తెచ్చుకొన్న తీరును బట్టి అది ప్రసాదమో చౌర్యమో అగుచున్నది. గీతలో తృతీయాధ్యాయమున చెప్పబడిన యజ్ఞచక్రపు భావమును ఇదియే: పొందినదానికి ప్రతిగా ఏదియు ఈయక అనుభవించుట తగదని.

ఇపుడు కష్టతరమైన ప్రశ్న. మన కర్మసిద్ధాంతమున చేసినవాడే ఫలమనుభవించును. బొగ్గు విషయమున అట్లు జరుగుట లేదు. కాల్చినవాడు చల్లని గదిలో సుఖముగా నిద్రించును. ఫలము అనుభవించువాడు ఎచ్చటనో సముద్రతీరమున నున్నవాడు, లేక ఇంకను పుట్టనివాడు. ఒకరు చేసిన కర్మ మరియొకరు అనుభవించుట సంభవించినచో కర్మన్యాయమే తప్పినట్లగును కదా?

నాకు తోచిన సమాధానమిది. కాల్చినవాని కర్మ కాల్చినవానికే చెందును. అది ఏ జన్మమున ఎట్లు పండునో మనకు తెలియదు, తెలిసికొనవలసిన పనియు లేదు. కాని కర్మమునకు ఫలమొకటి, లోకమున దాని పరిణామమొకటి. విషము కలిపినవాని పాపము వానిదే. ఆ నీరు త్రాగినవాని కడుపు నొప్పి త్రాగినవానిదే. త్రాగినవాడు బాధపడుట వాని పూర్వకర్మయని చెప్పి విషము కలిపినవాడు తప్పించుకొనుట మన శాస్త్రములలో ఎచ్చటను అంగీకరింపబడలేదు. పైగా ఒకరు చేసినది మరియొకరు మోయుట మన ధర్మమునకు క్రొత్త కాదు. దానికి మనవారు పెట్టిన పేరు ఋణము.

తండ్రి అప్పు కొడుకు తీర్పవలయును. ఐనను ధర్మశాస్త్రకారులు ఇచట ఒక దయ చూపిరి. తండ్రి జూదమునకును మద్యమునకును చేసిన అప్పులను కొడుకు తీర్పనక్కరలేదని విధించిరి. కుటుంబపోషణకై చేసిన అప్పు వేరు, వ్యసనమునకై చేసిన అప్పు వేరు. లోకమున ఏ న్యాయస్థానమైనను ఈ భేదమును పాటింపవచ్చును. గాలి మాత్రము పాటింపదు. పాఠశాలలో దీపము వెలిగించుటకు కాల్చిన బొగ్గును, ఎవరును లేని గదులలో రాత్రియంతయు వెలుగు దీపములకై కాల్చిన బొగ్గును గాలికి ఒక్కటే. మన జూదపు టప్పులను సైతము మన మనుమలు వడ్డీతో తీర్పవలసియున్నది. శాస్త్రము వారికిచ్చిన రక్షణను మనము తీసివేయుచున్నాము. పితృఋణమనగా పితరులకు పిండమిడుట మాత్రమే కాదు. పితరులు మనకు అప్పగించిన లోకమును ముందువారికి అప్పగించుట. ఆలోచించినచో ఈ విషయమున నాకు అన్నిటికంటె భయము కల్గించునది ఇదియే.

అప్పు అనగానే భద్రాచలము మరల గుర్తుకు వచ్చుచున్నది. కంచెర్ల గోపన్నగారు పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా నుండి, సర్కారు సొమ్ముతో శ్రీరామునకు ఆలయము కట్టించి, గోలకొండలో పండ్రెండేండ్లు చెరసాలలో మగ్గిన కథ తెలుగువారిలో తెలియనివారు లేరు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ యను పేర్లతో తానీషా వద్దకు పోయి ఆరు లక్షల మొహరీలు చెల్లించి, రసీదు తీసికొని, గోపన్నగారి తలగడ క్రింద నుంచిరని ప్రతీతి. ఈ కథను మనము భక్తమహిమకు ఉదాహరణముగా చెప్పుకొందుము. అది నిజమే. కాని ఇందు మరియొక ధర్మసూక్ష్మము కలదు. పని పుణ్యకార్యమే, కట్టినది తనకే యైన గుడి. అట్లయ్యును స్వామి “ఇది నా పని, అప్పు లేదు పొమ్ము” అని తానీషాతో అనలేదు. పైకము పూర్తిగా లెక్కించి యిచ్చి రసీదు పుచ్చుకొనెను. ఉద్దేశము మంచిదైనంతమాత్రమున ఋణము మాసిపోదని జగత్స్వామియే ఆచరించి చూపెను.

గోపన్నగారు తహశీలు చేసిన ఆ పాల్వంచలోనే 1966లో బొగ్గు విద్యుత్ కేంద్రము పని ఆరంభించినది. దాని వెలుగుతో ఎన్ని ఊళ్లలో పంపులు తిరిగినవో, ఎన్ని ఆసుపత్రులలో ప్రాణములు నిలిచినవో లెక్కింపజాలము. నా చిన్ననాడు పాఠశాలలో ఆముదపు దీపము ముందు శబ్దమంజరి వల్లెవేసి కండ్లు మంటలెత్తిన నేను, విద్యుద్దీపమును నిందింపలేను. పొగగొట్టము లేని వంటింట కట్టెలపొయ్యి నూది మా తల్లిగారు దగ్గిన దగ్గు నాకింకను చెవిలోనే యున్నది. ఆ యింట వంటగ్యాసు వచ్చుట తప్పని ఎట్లందును? కావున నేలబొగ్గుతో మనము సాధించినది గుడి కట్టుటవంటి మంచిపనియే కావచ్చును. ఐనను పద్దు పద్దే.

అప్పు చేయుట అన్ని వేళల తప్పు కాదు. వానకారు ముందు అప్పు తెచ్చి విత్తనములు కొన్న రైతును ఎవరును నిందింపరు. పంట వచ్చినపుడు తీర్చును. అదే అప్పుతో విందులు చేసినవాడు ఇల్లు అమ్ముకొనును. నేలబొగ్గును మనము ఇంతకాలము రాబడిగా భావించితిమి. అది రాబడి కాదు, అప్పు. దీనిని విత్తనములుగా మార్చుకొనుటయా, విందులుగా ఆరగించుటయా యన్నదే నేటి ధర్మసందేహము. మొదట నడిగిన ప్రశ్నకును ఇచటనే సమాధానము కలదు. అవసరమునకు వాడి తీర్చు నుద్దేశముతో నున్నంతవరకు ఆ నిప్పు ధర్మము. తీర్పవలసినవారు మనము కాము గదా యని ఎంచిన క్షణమునుండి అది అధర్మము.

విత్తనములనగా ఏవి? మరొక సూర్యకాంతి, అనగా నేటి ఎండ. పుడమిపై ఒకటి రెండు గంటలలో పడు సూర్యశక్తి, మానవులందరు సంవత్సరమున వాడుకొను శక్తికి సరిపోవునందురు. పాత ఎండను త్రవ్వి తీయుటకు బదులు నేటి ఎండను పట్టుకొనుటయే ఈ మార్పు. గాలిమరలును ఎండ కదిలించిన గాలితోనే తిరుగును. ఇది క్రొత్తవారు చెప్పిన క్రొత్త మాటయని మనవారు శంకింప నక్కరలేదు. తిరుమలలో 2002లోనే పెద్ద దర్పణములతో సూర్యకిరణములను ఒకచోటికి మరల్చి, ఆవిరి పుట్టించి, వేలాది భక్తులకు అన్నము వండు ఏర్పాటు నెలకొల్పబడినది. సింగరేణి సంస్థ తానే ఇల్లెందు, మణుగూరు మొదలైన చోట్ల సూర్యవిద్యుత్ కేంద్రములను స్థాపించినది. యాత్రికుల పొయ్యిరాళ్లు అంటుకొన్న ఆ ఇల్లెందులోనే ఇపుడు ఎండనుండి విద్యుత్తు పుట్టుచున్నది. రామగుండమున జలాశయముపై తేలు పలకలతో 100 మెగావాట్ల కేంద్రము 2022 జూలై నుండి పూర్తిగా పని చేయుచున్నది. పాల్వంచలోని పాత కేంద్రపు ఎనిమిది శీతలీకరణ గోపురములను 2024 ఆగస్టులో కూల్చివేసిరి. ఐతే ఆ ప్రాంగణముననే 800 మెగావాట్ల క్రొత్త బొగ్గు యంత్రము 2018 చివర మొదలైనదని చెప్పకుండుట సత్యమునకు లోపము.

మన దేశము మొత్తమును చూచినను ఇట్టిదే. సూర్యవిద్యుత్ సామర్థ్యము 2025 జనవరికి లక్ష మెగావాట్లు దాటినది. 2025 మధ్యనాటికి స్థాపిత సామర్థ్యములో సగము శిలాజ ఇంధనములతో పనిలేని కేంద్రములదే. ఐనను వాస్తవముగా పుట్టుచున్న విద్యుత్తులో అధికభాగము ఇంకను బొగ్గుదే. కారణము స్పష్టము: సూర్యుడు రాత్రి కనబడడు, గాలి అడిగినపుడు వీవదు. పగటి విద్యుత్తును రాత్రికి దాచుకొనవలయును. శ్రీశైలము ఎడమగట్టునను, నాగార్జునసాగరమునను క్రింది నీటిని మరల పైకి ఎక్కించి, కావలసినపుడు దింపి విద్యుత్తు తీయగల యంత్రములు నెలకొల్పబడియున్నవి. అట్టివియు, పెద్ద బ్యాటరీలును ఇంకను అనేకము కావలెను. పలకలు పరచుటకు నేల కావలెను. ఆ నేల పశువులు మేయు బీడైనచో కాపరిని అడుగవలెను. పాతబడిన పలకలను ఏమి చేయవలెనో ముందుగానే ఆలోచింపవలెను. క్రొత్త అప్పు చేసి పాత అప్పు తీర్చితిమని సంతోషించుట కూడదు.

ఇంకొక పూర్వపక్షము మిక్కిలి బలమైనది. “అమెరికాలో సగటున ఒక్కొక్కరు ఏటికి సుమారు 14 టన్నుల వాయువు వెలువరించుచుండగా మనవారు సుమారు 2 టన్నులే కదా! నూటయేబది ఏండ్లు విందులు చేసినవారు మనకు ఉపవాసము బోధించుటా?” ఇందు న్యాయము కలదు. ఎక్కువ వాడినవాడు ఎక్కువ తీర్పవలయును. దీనిని దేశములన్నియు కూడిన సభలలో మనవారు గట్టిగా అడుగుట ధర్మమే. కాని ఈ వాదమును ఎవరు చేయుచున్నారో చూడవలయును. ఆ 2 టన్నులు సగటు లెక్క. గుడిసెలో ఒక్క దీపముతో నుండువాని కొద్దిపాటి లెక్కను అడ్డము పెట్టుకొని, ఇంట నాలుగు వాహనములున్నవాడు “మనము వాడినది తక్కువ” అనుట ఎట్టి న్యాయము? అది ఉమ్మడి కుటుంబమున పస్తున్న తమ్ముని భాగమును చూపి అన్న అప్పు తెచ్చుకొన్నట్లుండును. పేదవానికి ఇంకను విద్యుత్తు చేరవలయును. తగ్గింపవలసినవారు ఈ పత్రికను చదువు మనబోటివారే.

అట్లే గనిలో దిగువారిని మరువరాదు. చీకటిలో, ఉక్కలో, పైకప్పు కూలునేమోయను భయముతో బొగ్గు త్రవ్వినవారి చెమటతో మన యిండ్లలో వెలుగు నిలిచినది. బొగ్గు తప్పని ఒక్కనాడు ప్రకటించి వారి కుటుంబములను వీధిపాలు చేయుట ఋణము తీర్చుట కాదు, మరియొక ఋణము చేయుట. కొత్తగూడెము, మణుగూరు, రామగుండము ప్రాంతపు పిల్లలకు క్రొత్త పనులు నేర్పి, గనులు మూసిన చోట నేలను బాగుచేసి, ఆ తరువాతనే తలుపు వేయవలయును. భారతదేశము 2070 నాటికి వాయువుల లెక్కను సరిచేయుదునని 2021లో ప్రకటించినది. నలుబది ఏండ్లకు పైగా మిగిలియున్నవి. ఒక తరము మారుటకు చాలిన కాలమే, వాయిదా వేసికొనుటకు చాలినది కాదు.

పరులకు చెప్పువాడు తన యింటిని చూచుకొనవలయును. మా కుమారుడు మూడేండ్ల క్రిందట నా గదిలో శీతలయంత్రము పెట్టించెను. మొదట వలదంటిని. ఇపుడు వైశాఖమాసమున అది లేక నిద్ర పట్టదు. రాత్రికి ఎనిమిది యూనిట్లనిన ఎనిమిది కిలోల వాయువని లెక్క తెలిసిన తరువాత కూడ దానిని ఆపలేకుంటిని. వయస్సు మీరిన దేహమునకు ఎండదెబ్బ ప్రాణాపాయమని వైద్యులు చెప్పినది నిజమే; అదే సాకుగా దాల్చి చైత్రమునందే మీట నొక్కినదియు నిజమే. ఏది ఆపద్ధర్మము, ఏది అలవాటు అని ఎవరికి వారు నిజాయితీగా విభజించుకొనవలయునని నాకు బోధపడినది ఆ యంత్రము వలననే. ఇంటికప్పుపై సూర్యపలకలు పెట్టుకొనుటకు కేంద్రప్రభుత్వము సహాయమిచ్చుచున్నది. మా యింటిపై నిరుడు పెట్టించితిమి. దీనితో నా అప్పు తీరలేదు. అప్పున్నదని ఒప్పుకొన్నట్లు మాత్రమైనది.

భాగవతోత్తములారా! యాత్రాకాలమున మనకు చేతనైనవి కొన్ని కలవు. నలుగురు నాలుగు కార్లలో పోవుటకు మారుగా బస్సులోనో రైలులోనో కలిసి పోవచ్చును. దేహము సహకరించినవారు కాలినడక మెట్లనెక్కవచ్చును. అది మొక్కుకు మొక్కు, పొదుపునకు పొదుపు. కల్యాణోత్సవములలో పగలు సైతము వెలుగు విద్యుద్దీపముల తోరణములను తగ్గించినచో స్వామికి శోభ తగ్గదు. ఆయన సన్నిధికి నేతిదీపమే భూషణము. ధర్మకర్తలు సత్రముల కప్పులపై సూర్యపలకలు పరచి, అన్నదానపు పాకశాలలను ఎండతో నడుపుటకు పూనుకొనవచ్చును. ఇవి చిన్నవని నాకు తెలియును. పెద్దవి చేయవలసినవారు ప్రభుత్వములును, పరిశ్రమలును. కాని తానే అప్పు ఒప్పుకొనని వాడు ఇతరులను తీర్పుమని అడుగుటకు నోరు రాదు.

మన అప్పును సైతము రామోజీ, లక్ష్మోజీ వచ్చి తీర్చిపోదురని కూర్చుండవచ్చునా? గోపన్నగారు అట్లు కూర్చుండలేదు. దండన అనుభవించెను, చెరలోనుండి స్వామిని నిలదీసెను, దూషించెను, ఏడ్చెను, ఆ అప్పు తనదేనని ఎన్నడును మరువలేదు. స్వామి వచ్చినది అప్పు నాది కాదన్నవాని కొరకు కాదు. మనకును ఆయన సహాయము రాకపోలేదు. ప్రతిదినము తూర్పున ఉదయించుచు, ఎవరినడుగకయే ఇల్లిల్లు తిరిగి పంచబడుచున్న ఆ పైకమును చేతులు చాచి పుచ్చుకొనుటయే మన వంతు.

నాటి యాత్రికులు తెల్లవారుజామున లేచి, పొయ్యిపై నీళ్లు చల్లి, నిప్పు పూర్తిగా ఆరినదని చూచుకొని, రాళ్లను వెనుక వచ్చువారికై అచ్చటనే విడిచి, రామనామముతో ముందుకు సాగియుందురు. మజిలీ విడుచువాడు చేయవలసిన పని అదియే. ఈ భూమియను మజిలీలో మనమును అట్టి బుద్ధితో మసలునట్లు సీతాలక్ష్మణ సమేతుడైన శ్రీ భద్రాద్రి రామచంద్రస్వామి మనలను అనుగ్రహించుగాక!